ఫైబర్ రాని ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇల్లంతా నెట్: ఎలా పెట్టాలి, ఎక్కడ చెడుతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మండల కేంద్రానికి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఊరు. ఫైబర్ లైను ఇంకా రాలేదు. స్లాబు వేసిన రెండంతస్తుల ఇల్లు. ఇంటి నుంచే ఆఫీసు పని చేసే ల్యాప్‌టాప్ ఒకటి, ఇద్దరు పిల్లల క్లాసులు, ఒక స్మార్ట్ టీవీ. చేతిలో ఉన్నది రోజుకు 2 జీబీ ప్యాకు వేసిన 5జీ ఫోను ఒకటి, బీరువాలో పడి ఉన్న పాత 4జీ ఫోను ఒకటి. పొద్దున హాట్‌స్పాట్ బాగానే వస్తోంది, రాత్రి మీటింగులు తెగిపోతున్నాయి, ఫోను పెనంలా కాలిపోతోంది. దీంతోనే నెట్టుకురావచ్చా, ఏమైనా కొనాలా?

టీవీ సంగతి వేరే చూసుకుంటే నెట్టుకురావచ్చు. కొనడం గురించి చివర్లో చెబుతాను, ఎందుకంటే చాలామంది ముందు రూటరో యాంటెన్నానో కొనేసి, తర్వాత అసలు లోపం ఫోను పెట్టిన చోటులో ఉందని తెలుసుకుంటారు. హాట్‌స్పాట్ ఆన్ చేసిన ఫోను ఒకేసారి మూడు పనులు చేస్తుంది. టవర్‌తో మాట్లాడుతుంది, ఇంట్లోవాళ్లకు వైఫై పంచుతుంది, పక్కనే చార్జింగ్ కూడా ఎక్కించుకుంటుంది. మూడూ వేడి పుట్టించేవే. వీటిలో మొదటిది మాత్రమే ఫోను తప్ప ఇంకెవరూ చేయలేరు. మిగతా రెండూ దాని నెత్తిన ఎంత తగ్గిస్తే మీ నెట్ అంత నిలకడగా ఉంటుంది.

ముందు డేటా లెక్క చూద్దాం. జూమ్‌లో కెమెరా ఆన్ చేసి గ్రూప్ మీటింగ్ పెడితే గంటకు 1.3 జీబీ దాకా పోతుంది. కెమెరా ఆపి మాట మాత్రమే వింటే గంటకు వంద ఎంబీ లోపే. పిల్లల పాఠం యూట్యూబ్‌లో 480లో చూస్తే గంటకు అర జీబీ. టీవీలో నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో పెడితే గంటకు 3 జీబీ వరకు, 4కే అయితే 7 జీబీ వరకు. రోజుకు మూడు గంటల మీటింగ్, రెండు గంటల పాఠం, రెండు గంటల సినిమా అనుకుంటే 4 + 1 + 6, అంటే పదకొండు జీబీ. నెలకు మూడు వందలు దాటుతుంది. అందులో సగానికి పైగా తినేది టీవీయే. కెమెరా ఆపి, టీవీని డిష్‌కో కేబుల్‌కో వదిలేస్తే మిగిలేది రోజుకు రెండు జీబీ లోపు. అందుకే టీవీని పక్కన పెట్టమన్నాను.

కోటా అయిపోయాక జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడింటిలోనూ వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ ఫోటో రావడానికి రెండు నిమిషాలు. వాట్సాప్‌లో అక్షరాలు వెళ్తాయి, కాల్ తెగుతుంది, ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్లే వీపీఎన్ అసలు కలవదు. రోజువారీ కోటా మళ్లీ అర్ధరాత్రి 12కి నిండుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత తెగడం, పొద్దున మామూలవడం చూసి ‘టవర్ రష్’ అనుకునేవాళ్లలో కొందరి అసలు కారణం ఇదే. ముందు మీ ఆపరేటర్ యాప్‌లో ఆరోజు మిగిలిన డేటా ఎంతో చూసి, ఆ తర్వాతే టవర్‌ని తిట్టుకోండి.

మన దగ్గర ఫోన్లో వాడినా హాట్‌స్పాట్‌లో పంచినా అదే డేటా, విడిగా చార్జీ ఉండదు. అపరిమిత 5జీకి మాత్రం షరతులున్నాయి. 2024 జులైలో ధరలు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ దాన్ని రోజుకు 2 జీబీ, ఆపై ప్యాకులకే పరిమితం చేశాయి. అది సొంత వాడకానికే, వ్యాపారానికి కాదు. సహేతుక వాడకం అనే హద్దు కూడా షరతుల్లో రాసి ఉంటుంది.

మీ ప్యాకు 2 జీబీది కాబట్టి అపరిమిత 5జీ మీకు రావాలి. ఇక్కడే అందరూ పడే గొయ్యి ఉంది. ఫోను 5జీలో ఉన్నంతసేపు కోటా కదలదు. సిగ్నల్ కాస్త తగ్గినా, ఫోను వేడెక్కినా అది చెప్పాపెట్టకుండా 4జీకి దిగుతుంది. దిగిన క్షణం నుంచి అదే హాట్‌స్పాట్ ఆ 2 జీబీని తినడం మొదలుపెడుతుంది. కోటా అయిపోయాక మళ్లీ 5జీ దొరికితే రెండు వందల ఎంబీపీఎస్, 4జీకి దిగితే 64 కేబీపీఎస్. ఒకే గదిలో, ఒకే గంటలో, పూనకం వచ్చినట్టు స్పీడు ఎక్కి దిగుతోందంటే ఇదే. పోనీ 5జీని బిగించేద్దామని *#*#4636#*#* నొక్కి ‘ఎన్‌ఆర్ ఓన్లీ’, అంటే 5జీ మాత్రమే, పెట్టమని వీడియోల్లో చెబుతుంటారు. జియో 5జీ సొంత కాళ్ల మీద నిలబడే రకం కాబట్టి అది పనిచేయొచ్చు. కానీ ఆ ఫోనులో 5జీ మీద కాల్ మాట్లాడే సదుపాయం లేకపోతే కాల్స్ రావు, ఓటీపీ కాల్స్ కూడా. ఎయిర్‌టెల్ 5జీ ఎక్కువచోట్ల 4జీ ఆసరాతో నడిచేది. అక్కడ ‘ఎన్‌ఆర్ ఓన్లీ’ పెడితే సర్వీసే పోతుంది. నా సలహా, బిగించే పని పెట్టుకోకుండా ఫోనును 5జీ గట్టిగా అందే చోటికి మార్చండి. ఆ చోటు దొరక్కపోతే ‘ఎల్‌టీఈ ఓన్లీ’, అంటే 4జీ మాత్రమే, పెట్టి, కోటా పెద్ద ప్యాకు వేసుకోవడం నయం.

చోటు వెతకడం గీతలు చూసి చేసే పని కాదు. నాలుగు గీతలు ఒక్కో కంపెనీ ఒక్కోలా చూపిస్తుంది. అంకె చూడాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ దగ్గర -97 డీబీఎం లాంటి అంకె కనిపిస్తుంది. అది సిగ్నల్ బలం కొలత, సున్నాకి ఎంత దగ్గరైతే అంత గట్టిది. శాంసంగ్‌లో *#0011#, ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేయాలి. ఇంకా వివరంగా కావాలంటే ప్లేస్టోర్‌లో నెట్‌మాన్‌స్టర్, నెట్‌వర్క్ సెల్ ఇన్ఫో లైట్ లాంటి యాప్‌లు ఏ బ్యాండ్‌లో, అంటే టవర్ వాడే ఏ తరంగాల వరసలో ఉన్నారో కూడా చూపిస్తాయి.

చూడాల్సినవి రెండు. ఒకటి ఆర్‌ఎస్‌ఆర్‌పీ, టవర్ మాట ఎంత గట్టిగా వినిపిస్తోందనేది. -80 కంటే పైన ఉంటే చాలా మంచిది, -90 దాకా బాగుంది, -100 దాకా పర్వాలేదు, -110 దాటితే ఫోను తంటాలు పడుతోందని అర్థం. రెండోది ఎస్‌ఐఎన్‌ఆర్, ఆ మాట చుట్టూ ఉన్న రొదలోంచి ఎంత శుభ్రంగా వినిపిస్తోందనేది. 20 పైన బ్రహ్మాండం, 13 పైన బాగుంది, సున్నాకి దిగితే గీతలు నిండుగా ఉన్నా నెట్ నడవదు. మనవాళ్లు మొదటి అంకె ఒక్కటే చూసి ఆగిపోతారు. మీటింగులు తెగేది ఎక్కువగా రెండోదాని వల్ల.

ఇల్లంతా తిరిగి కొలవండి. ఫోను వైఫై ఆపేసి, ఒక్కోచోట పెట్టి ఒక నిమిషం ఆగి రాసుకోండి. చేత్తో పట్టుకుని చూడొద్దు, మన ఒళ్లే సిగ్నల్‌ని మింగుతుంది. బల్ల మీద పెట్టి చూడాలి. కింద హాలు మధ్యలో, వంటింట్లో, పై అంతస్తులో ప్రతి కిటికీ దగ్గర, మెట్ల గదిలో, డాబా మీద. 3 డీబీ పెరిగితే అందే శక్తి రెట్టింపు, 10 డీబీ పెరిగితే పదింతలు. స్లాబు కింద -108 చూపించిన ఫోను పై అంతస్తులో టవర్ వైపు కిటికీ దగ్గర -90 చూపించడం మామూలే. ఏ రూటరూ, ఏ ప్యాకూ ఇవ్వలేని తేడా అది.

కిటికీ దగ్గర ఒక తిరకాసు ఉంది. దోమలు రాకుండా కొట్టించిన స్టీలు జాలీ రేడియో తరంగాలకు గోడలాంటిదే. దాని రంధ్రాలు తరంగం పొడవుతో పోలిస్తే మరీ చిన్నవి, అందులోంచి దూరి రాలేదు. జాలీ రెక్క తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలిచి చూడండి. తేడా ఎక్కువగా ఉంటే ఆ ఒక్క కిటికీకి ఫైబర్‌గ్లాస్ దోమతెర వేయించండి. రేకుల పైకప్పు, ఇనుప బీరువా, నిలువుటద్దం వెనకున్న పూత కూడా ఇంతే. బీరువా మీద ఎత్తుగా ఉంటుంది కదా అని ఫోను పెట్టేవాళ్లున్నారు. గోడ అలమర పైన పెడితే ఉన్నంత లాభం దాని మీద ఉండదు.

బ్యాండ్ ఎందుకు చూడమన్నానంటే, జియో 4జీ ఉదాహరణ తీసుకోండి. అది 850, 1800, 2300 మెగాహెర్ట్‌జ్‌లలో నడుస్తుంది. 850 గోడలు దాటి లోపలికి వస్తుంది, కానీ దాని వెడల్పు తక్కువ, ఊరంతా దాని మీదే వేలాడుతుంది. 2300 వెడల్పు ఎక్కువ, కానీ స్లాబు దాటలేదు. ఇంటి నడిమధ్య ఉన్న ఫోను గత్యంతరం లేక 850 పట్టుకుని మూడు నాలుగు ఎంబీపీఎస్‌తో ఈడుస్తుంది. అదే ఫోను కిటికీకి వస్తే 2300కి మారి ముప్పై దాటొచ్చు. 5జీలోనూ ఇదే కథ. 3500 దరిదాపుల్లోని బ్యాండ్ వేగమైనది, గోడలంటే దానికి పడదు. జియోకు 700 మెగాహెర్ట్‌జ్ 5జీ కూడా ఉంది, అది దూరం వెళ్తుంది, లోపలికి వస్తుంది, వేగం మాత్రం తక్కువ. కాబట్టి 5జీ అన్న గుర్తు కనబడగానే సంబరపడకుండా ఏ బ్యాండో చూడండి.

స్పీడ్ టెస్ట్‌ల విషయంలో చేయి ఆపుకోండి. మంచి 5జీలో ఒక్క టెస్టే మూడు నాలుగు వందల ఎంబీ లాగేస్తుంది. 4జీకి దిగి ఉన్నప్పుడు నాలుగు టెస్టులు కొడితే ఆ రోజు కోటాలో పెద్ద ముక్క పోయినట్టే. చోటు ఖాయం చేసేది డీబీఎం అంకెలతో. స్పీడ్ టెస్ట్ చివరికి ఎంచుకున్న రెండు చోట్లలో మాత్రం, పొద్దున ఏడుకి, మధ్యాహ్నం మూడుకి, రాత్రి తొమ్మిదికి ఒక్కోసారి చాలు.

ఇక వేడి. సిగ్నల్ బాగుండే చోటు కిటికీ, ఎండ పడే చోటూ కిటికీయే. రెంటచింతల, రామగుండం వైపు మే నెల మధ్యాహ్నం గది లోపలే నలభై దాకా ఉంటుంది. ఐఫోన్‌కి ఆపిల్ చెప్పే పరిసర ఉష్ణోగ్రత హద్దు 35 డిగ్రీలు. పడమటి కిటికీలో ఎండలో పెట్టిన ఫోను మొదట చార్జింగ్ ఆపుతుంది, తర్వాత 5జీ వదిలేస్తుంది, ఆ తర్వాత హాట్‌స్పాటే కట్టేస్తుంది. మధ్యాహ్నం రెండున్నరకి రోజూ నెట్ పోతోందంటే టవర్ కంటే ముందు ఫోను వీపు తాకి చూడండి. ఎండ నేరుగా పడకుండా కిటికీ పక్క గోడకు, లేదా తూర్పు, ఉత్తరం వైపు కిటికీకి మార్చండి. రెండు మూడు డీబీ పోయినా ఫర్వాలేదు. వెనక కవరు తీసేయండి. ఫోను గాలి తగిలేలా నిలబెట్టండి, పరుపు మీదా దిండు మీదా వద్దు. చల్లగా ఉంటుందని కుండ మూత మీద, ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. లోపల చెమ్మ పడితే ఆ ఫోను అక్కడితో సరి. చిన్న యూఎస్‌బీ ఫ్యాను చాలు.

చార్జింగ్ విషయంలో ఫాస్ట్ చార్జర్ వాడొద్దు. పాత 5 వోల్టుల 1 ఆంపియర్ చార్జర్, అంటే 5 వాట్లది, హాట్‌స్పాట్ ఖర్చుకు దాదాపు సరిపోతుంది, వేడి తక్కువ. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోను గట్టిగా అరవాల్సి వచ్చి ఎక్కువ కరెంటు తాగుతుంది, అప్పుడు 2 ఆంపియర్లది పెట్టండి. రోజంతా నూరు శాతంలో, అదీ వేడిలో ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుంది. శాంసంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ అనీ, ఐఫోన్ 15 నుంచి చార్జ్ లిమిట్ అనీ ఎనభై శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉంది. మీ పాత ఫోనులో అది లేకపోతే చార్జర్‌ని టైమర్ ప్లగ్‌కి పెట్టి, మూడు గంటలు ఆన్, మూడు గంటలు ఆఫ్ అన్నట్టు పెట్టండి. నెలకోసారి ఫోనును గ్రానైట్ గట్టు మీద వెల్లకిలా పెట్టి అంచు నొక్కి చూడండి. ఊగితే, వెనక మూత లేస్తే, తెర అంచు పైకి వస్తే బ్యాటరీ ఉబ్బుతున్నట్టే. ఆ రోజే వాడకం ఆపేయాలి. నొక్కి సరిచేయడం, గుచ్చడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

మీ పాత 4జీ ఫోనును ఇంటి నెట్ కోసం శాశ్వతంగా పెట్టొచ్చా అంటే, ముందు బ్యాటరీ పరిస్థితి చూడండి, తర్వాత మోడెమ్, అంటే టవర్‌తో మాట్లాడే చిప్ సంగతి. చవక 4జీ ఫోన్లలో చాలావాటిది క్యాటగిరీ 4 మోడెమ్, కాగితం మీద 150 ఎంబీపీఎస్. అవి రెండు బ్యాండ్లను కలిపి వాడలేవు. రాత్రి పూట ఇది తెలుస్తుంది, ఒక బ్యాండ్ నిండిపోతే పక్కదాని సాయం ఉండదు. అయినా ఒక ల్యాప్‌టాప్, రెండు క్లాసులకు సరిపోతుంది. పైగా మీరు బయటికి వెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లకు నెట్ ఆగదు. కానీ అపరిమిత 5జీ దాంట్లో రాదు కాబట్టి దానికి వేసే సిమ్‌కు పెద్ద కోటా ఉండాలి. ఇంట్లో 5జీ బాగా దొరుకుతోంటే 5జీ ఫోనునే పైన కిటికీలో పెట్టి, చేతిలో పాతది వాడుకోవడం మేలు.

రెండు సిమ్‌లున్న ఫోనులో ఇంకో చిక్కు. డేటా ఒక సిమ్‌లో నడుస్తుండగా రెండో సిమ్‌కి కాల్ వచ్చి ఎత్తితే చాలా ఫోన్లలో డేటా ఆగిపోతుంది, రేడియో ఒక్కటే కాబట్టి. బంధువులు ఫోన్ చేసిన ప్రతిసారీ మీటింగ్ తెగిందంటే కారణం అదే. హాట్‌స్పాట్ ఫోనులో రెండో సిమ్ తీసేయండి. ఒక్క సిమ్ ఉన్నా ఆ సిమ్‌కి వీవోఎల్‌టీఈ (VoLTE), అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం, ఆన్‌లో ఉండాలి. లేకపోతే కాల్ రాగానే ఫోను 3జీకో 2జీకో దిగి నెట్ కాలు విరిగినట్టు కూర్చుంటుంది. బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌తో ఇది ప్రత్యేకంగా చూసుకోవాలి.

ఇప్పుడు వైఫై పంచే బరువు దించే పని. ఒక్క ల్యాప్‌టాప్ ముఖ్యమైతే యూఎస్‌బీ టెథరింగ్‌ని, అంటే ఫోను నెట్‌ని కేబుల్‌తో ఇవ్వడాన్ని, మించింది లేదు. వైఫై రేడియో పని తగ్గుతుంది, పక్కింటి వైఫైల గోల ఉండదు, చార్జింగ్ కూడా అదే కేబుల్లో. కేబుల్ డేటా వెళ్లేదై ఉండాలి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెడితే టెథరింగ్ మీట బూడిద రంగులోనే ఉండిపోతుంది, జనం ఫోను పాడైందనుకుంటారు. కేబుల్ తీసి పెట్టినప్పుడల్లా ఆ మీట ఆఫ్ అవుతుంది. డెవలపర్ ఆప్షన్స్‌లో డిఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్‌ని యూఎస్‌బీ టెథరింగ్ అని పెడితే ఆ బాధ పోతుంది. విండోస్‌లో దాదాపు అన్ని ఆండ్రాయిడ్‌లూ పనిచేస్తాయి. మ్యాక్‌బుక్‌తో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కలవవు, అక్కడ వైఫై తప్పదు. ఐఫోన్‌ని విండోస్‌కి కలపాలంటే ఐట్యూన్స్ కానీ ఆపిల్ డివైసెస్ యాప్ కానీ వేసి, ఫోనులో ‘ట్రస్ట్’ నొక్కాలి. పైసా ఖర్చు లేకుండా ఇల్లంతా పంచాలంటే, ఇలా యూఎస్‌బీతో నెట్ తీసుకున్న విండోస్ ల్యాప్‌టాప్‌లోనే మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చేయండి. ఎనిమిది పరికరాల దాకా ఇస్తుంది. ల్యాప్‌టాప్ నిద్రపోతే అందరికీ పోతుంది, అంతే.

రెండంతస్తులకు మాత్రం పాత రూటర్ ఒకటి సంపాదించండి. కేబుల్ వాళ్లు ఇచ్చిన పాతదైనా సరే, అందులో డబ్ల్యూఐఎస్‌పీ (WISP) అనే మోడ్, అంటే ఫోను వైఫై నుంచి నెట్ తీసుకుని తన సొంత వైఫైగా పంచేది, ఉండాలి. టీపీ-లింక్ చవక రూటర్లలో కొన్నింటికి ఉంది, కొనేముందు పెట్టె మీద ఆ పేరు వెతకండి. ఇది ఫోను వైఫైనే దూరానికి మోసే రేంజ్ ఎక్స్‌టెండర్ కంటే మెరుగు. ఎక్స్‌టెండర్‌లో ఇంట్లోని ప్రతి పరికరాన్నీ ఫోను విడివిడిగా లెక్కపెడుతుంది. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌లు సాధారణంగా ఎనిమిది, పది దగ్గర ఆపేస్తాయి, ఐఫోన్ ఐదింటికే. డబ్ల్యూఐఎస్‌పీలో ఫోనుకి కనిపించేది రూటర్ ఒక్కటే.

చేసే వరస:

1. ఫోను హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో, మధ్యలో ఖాళీలు లేకుండా పెట్టండి. పాస్‌వర్డ్ పన్నెండు అక్షరాలకు తగ్గొద్దు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2. డబ్ల్యూపీఏ3 మాత్రమే పెడితే పాత రూటర్లు, ప్రింటర్లు కలవవు.
2. రూటర్ ఒకే బ్యాండ్‌దైతే హాట్‌స్పాట్‌ని 2.4 గిగాహెర్ట్‌జ్‌లో పెట్టాలి. ఐఫోన్‌లో దీని పేరు ‘మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’.
3. ‘పరికరాలు లేకపోతే హాట్‌స్పాట్ దానంతట అదే ఆగిపోవాలి’ అన్న సెట్టింగ్‌ని ఆపేయండి. కరెంటు పోయి రూటర్ ఆగి, పది నిమిషాల తర్వాత కరెంటు వచ్చినా నెట్ రాకపోవడానికి ఇదే మూలం.
4. ల్యాప్‌టాప్‌ని రూటర్‌కి కలిపి, బ్రౌజర్‌లో 192.168.0.1 లేదా 192.168.1.1 తెరవండి. ఆపరేషన్ మోడ్‌లో డబ్ల్యూఐఎస్‌పీ ఎంచుకుని, స్కాన్ కొట్టి, ఫోను పేరు పట్టుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. కనెక్షన్ రకం డైనమిక్ ఐపీ.
5. ఇంటి వైఫైకి ఫోను పేరు కాకుండా వేరే పేరు పెట్టండి. ఒకే పేరు పెడితే పరికరాలు దారి తప్పి నేరుగా ఫోనుకి అతుక్కుంటాయి.
6. రూటర్ సొంత చిరునామాని 192.168.50.1 లాంటిదానికి మార్చండి. ఫోను ఇచ్చే వరసా, రూటర్ వరసా ఒకటే అయితే అన్నీ కలిసినట్టే కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు.

రూటర్‌ని ఫోను పక్కనే పెట్టొద్దు, మరో గదికి నెట్టొద్దు. ఫోనుకి రెండు మూడు మీటర్లలో, మెట్ల వైపు తలుపు దగ్గర ఉంటే కిందికీ అందుతుంది. ఒకే రేడియో ఉన్న రూటర్ వినడం, చెప్పడం రెండూ అదే గొంతుతో చేస్తుంది కాబట్టి వేగం సగమవుతుంది. నలభై వస్తే ఇరవై మిగులుతుంది, మీ పనికి అది చాలు. రెండు బ్యాండ్ల రూటరైతే ఫోను నుంచి 5 గిగాహెర్ట్‌జ్‌లో తీసుకుని ఇంటికి 2.4లో పంచమనండి. కొన్ని ఫోన్లు హాట్‌స్పాట్ ఆన్ చేసినప్పుడల్లా చానల్‌నీ, వైఫై చిరునామానీ మార్చేస్తాయి. రూటర్ పాతదాన్నే పట్టుకుని వేలాడితే, డబ్ల్యూఐఎస్‌పీ పేజీలో ‘లాక్ టు ఏపీ’ లాంటి గడి టిక్ తీసేయండి.

ఫోనుని యూఎస్‌బీతో రూటర్‌కే కలపడం ఇంకా మంచిది. కానీ మామూలు రూటర్ మీది యూఎస్‌బీ రంధ్రం పెన్‌డ్రైవ్‌కీ ప్రింటర్‌కీ మాత్రమే. జీఎల్-ఐనెట్ వాళ్ల చిన్న రూటర్లు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రూటర్లు ఫోను టెథరింగ్‌ని తీసుకుంటాయి.

రూటర్ మధ్యలోకి రాగానే ఒక పాత రక్షణ పోతుంది, ఇది చాలామందికి తెలీదు. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌కి నేరుగా కలిసిన మరో ఆండ్రాయిడ్ ఫోను ‘ఇది లెక్క ఉన్న నెట్’ అని మామూలుగా తనే పసిగట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుంటుంది. మధ్యలో రూటర్ ఉంటే ఆ కబురు అందదు. ఇంట్లో ప్రతి ఫోనూ వైఫై దొరికిందని గూగుల్ ఫోటోస్ బ్యాకప్, వాట్సాప్ బ్యాకప్, ప్లేస్టోర్ అప్‌డేట్లు ఒకేసారి మొదలుపెడుతుంది. కోటా పోవడం ఒక ఎత్తు, అప్‌లోడ్ దారి నిండిపోవడం మరో ఎత్తు. మీటింగ్‌లో మీకు అవతలివాళ్ల మాట స్పష్టంగా వినిపిస్తూ, మీ మాట మాత్రం వాళ్లకి ముక్కలుగా వెళ్తోందంటే అప్‌లోడ్ నిండినట్టే. ప్రతి ఫోనులో ఆ వైఫై పేరు మీద నొక్కి ‘ట్రీట్ యాజ్ మీటర్డ్’ పెట్టండి. ఐఫోన్‌లో లో డేటా మోడ్. విండోస్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి వెళ్లి మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయాలి, లేకపోతే ఒక్క అప్‌డేటే రెండు మూడు జీబీ మింగుతుంది. టీవీలో ఆటో అప్‌డేట్ ఆపేయండి.

ఇంత చేశాక కూడా రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య నెట్ నీరసిస్తే, ఆ సమయంలో రెండు అంకెలూ చూడండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ పొద్దుటి లాగానే ఉండి ఎస్‌ఐఎన్‌ఆర్ పడిపోయినా, అంకెలు రెండూ బాగుండి స్పీడు మాత్రమే రాకపోయినా టవర్ మీద జనం ఎక్కువైనట్టు. ఐపీఎల్ రోజుల్లో ఇది మరీ. దీనికి ఇంట్లో మందు లేదు. వేరే ఆపరేటర్ సిమ్ ఉన్న చుట్టాన్నో స్నేహితుణ్నో రాత్రి తొమ్మిదికి పిలిచి, అదే కిటికీలో వాళ్ల ఫోను పెట్టి కొలవండి. చూడకుండా నంబరు పోర్ట్ పెట్టొద్దు, మారాక తొంభై రోజుల దాకా ఇంకో ఆపరేటర్‌కి వెళ్లడానికి లేదు. చిన్న ప్యాకుతో వేరే సిమ్ ఒకటి పాత ఫోనులో ఉంచుకోవడం చవకైన బీమా. రాత్రి మీటింగ్ ముఖ్యమైతే దానికి మారిపోవచ్చు. కరెంటు పోయిన కాసేపటికి సిగ్నలే పోతుంటే ఆ టవర్ బ్యాటరీలు అయిపోయాయని, అప్పుడు కూడా రెండో ఆపరేటరే దిక్కు.

ఆఫీసు వీపీఎన్ కలిసినట్టు చూపించి పేజీలు తెరుచుకోకపోతే అది సిగ్నల్ లోపం కాకపోవచ్చు. మొబైల్ నెట్‌లో ప్యాకెట్ సైజు కాస్త తక్కువ, వీపీఎన్ తన తొడుగు కలిపేసరికి పెద్ద ప్యాకెట్లు పట్టవు. వీపీఎన్ యాప్‌లో కానీ రూటర్‌లో కానీ ఎంటీయూని, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజుని, 1350కి, అప్పటికీ కాకపోతే 1280కి దించి చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆ అనుమతి లేకపోతే ఐటీ వాళ్లకి ఈ అంకె చెబితే చాలు.

సీసీ కెమెరా కూడా దీనికే పెట్టాలనుకుంటే, పోర్ట్ ఫార్వర్డింగ్ మీద ఆశ వదులుకోండి. మొబైల్ నెట్‌లో ఒకే ఐపీవీ4 చిరునామా వందల మందికి పంచుతారు, బయటి నుంచి మీ ఇంటికి నేరుగా దారి ఉండదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కంపెనీ సర్వర్ ద్వారా చూసే కెమెరాలు పనిచేస్తాయి, కానీ రోజంతా లైవ్ చూస్తూ కూర్చుంటే డేటా తినేస్తాయి. కదలిక ఉన్నప్పుడే రికార్డు, అదీ మెమరీ కార్డులోకి పెట్టండి.

కొనడం గురించి. ఆరు నెలలు పైన ఇలాగే ఉండాల్సి వస్తే సిమ్ వేసే 4జీ రూటర్ కొనండి. బ్యాటరీ లేదు కాబట్టి ఉబ్బదు, రోజంతా నడవడానికే చేసింది. బయటి యాంటెన్నా బిగించే మరలు ఉన్నది చూడండి, కొనేముందు మీ ఆపరేటర్ బ్యాండ్లు అందులో ఉన్నాయో లేదో సరిచూడండి. 2300 అంటే బ్యాండ్ 40, అది లేనిది జియోకి దండగ. దాంతో పాటు 12 వోల్టుల మినీ యూపీఎస్ తీసుకోండి. డాబా మీద 3500 బ్యాండ్ 5జీ -90 కంటే మెరుగ్గా అందుతోంటే మాత్రం సిమ్ రూటర్ కంటే ముందు, తీగ లేకుండా 5జీతో ఇచ్చే ఇంటి నెట్ జియో ఎయిర్‌ఫైబర్, ఎయిర్‌టెల్ ఎయిర్‌ఫైబర్ మీ పిన్‌కోడ్‌లో ఇస్తున్నారేమో అడగండి. డాబా మీద పెట్టే డబ్బా ఫోను కంటే చాలా బాగా వింటుంది. జియో ఎయిర్‌ఫైబర్‌లో నెలకు 1 టీబీ హద్దు, అప్పుడు టీవీ కూడా నడుస్తుంది. ఆంధ్రలో అయితే ఏపీ ఫైబర్‌నెట్ తీగ చాలా ఊళ్లలో కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తుంది, మీ ఊరి కేబుల్ ఆపరేటర్‌ని ఒకసారి కదపండి.

ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ల జోలికి వెళ్లొద్దు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం మన దేశంలో నేరం. పైగా అది టవర్ వినే దారిలో రొద నింపి, మీతో పాటు ఊళ్లో అందరి ఎస్‌ఐఎన్‌ఆర్‌నీ పాడుచేస్తుంది.